పాటకచేరీకి తోలుకెళ్లిన జనం

ఆ నలుగురు అమ్మాయిలూ పాడతారని చెప్పి మమ్మల్ని లారీ ఎక్కించారు. వాళ్లు పాడలేదు. పాట దాని దారిన అది నల్లటి పెట్టెల్లోంచి వచ్చింది, వాళ్లు దాని పక్కన గెంతారు. ఈ సంగతి కనిపెట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఒకమ్మాయి పాట మధ్యలో సీసా ఎత్తి నీళ్లు తాగుతుంటే ఆమె గొంతు మాత్రం ఆగకుండా పాడుతూనే ఉంది. మా పక్క పెళ్లిళ్లలో సన్నాయి ఊదేవాడు కిళ్లీ వేసుకోవాలనుకుంటే సన్నాయి దించి వేసుకుంటాడు. వాడికున్నపాటి సిగ్గు కూడా ఆ వేదిక మీద కనపడలేదు.

వాళ్ల బట్టలు పొట్టివని నాకేం కోపం లేదు. ఊడ్పులప్పుడు మేమూ చీరలు మోకాళ్ల పైకే దోపుతాం. నా కోపం వేరే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త అది. అప్పటికి నాకు నలభై దాటాయి. పంచాయతీ షెడ్డులో సాయంత్రంపూట చెప్పే పాఠాలకి వెళ్లి, మనవలున్న వయసులో అక్షరాలు నేర్చుకున్నాను. పలక పట్టిన ఆడవాళ్లమే తర్వాత పొదుపు సంఘంగా కూడాం. చదవడం వచ్చిన కొత్త కనక కనపడినదల్లా చదివేదాన్ని. సబ్బు కాగితం, బస్సు వెనకాల రాత, ఎరువుల బస్తా, ఏదీ వదిలేదాన్ని కాదు. కాలవ లాకుల దగ్గర గోడకి ఒక పెద్ద కాగితం అంటించారు. అందులో నలుగురు అమ్మాయిలు జుట్టు గాల్లోకి విసురుతున్నారు. కింద పది ఊళ్ల పేర్లు, అందులో రాజమండ్రి. ఇంకా కింద ఒక షాంపూ పొట్లం బొమ్మ. అమ్మాయిల మొహాలకంటే ఆ పొట్లమే పెద్దగా ఉంది. బొంబాయి అమ్మాయిలట, దేశమంతా తిరిగి పెద్ద పెద్ద మైదానాల్లో పాడుతున్నారట. టీవీలో వాళ్ల పాట గంటకోసారి వచ్చేది. దాన్ని విని మా ఊరి కుర్రకారు చేలగట్ల మీద కూడా తలలు ఊపేవాళ్లు.

ఆ కాగితం పడిన వారానికి మా సంఘాల్ని చూసే మేడం వచ్చింది.

"మన సంఘాల వాళ్లందరూ రావాలమ్మా. టీవీ వాళ్లు కూడా వస్తున్నారు. షాంపూ కంపెనీ వాళ్లకి పల్లెటూరి ఆడవాళ్లు కావాలంట."

"పాటకి మేమెందుకండీ? మాకు పాడ్డం రాదు కదండీ," అంది మాలో ఒకావిడ.

"పాడక్కర్లేదు. చప్పట్లు కొడితే చాలు."

"ఆయ్, అదైతే వచ్చండీ. కిందటేడు మంత్రిగారికి కొట్టేం కదండీ."

అందరూ నవ్వారు. నిజమే, మాకు అది అలవాటైన పనే. ఎవరైనా పెద్దవాళ్లు వస్తే మైదానం నింపడానికి మమ్మల్ని లారీల్లో తోలుకెళ్లేవాళ్లు. ఇసక లారీలో నిలబడి వెళ్లడం, ఎండలో పట్టాల మీద కూర్చోవడం, చెప్పినప్పుడు చప్పట్లు కొట్టడం. అంతా అయ్యాక పులిహోర పొట్లం చేతిలో పెడతారు. పొట్లం చేతికొచ్చిందంటే సభ అయిపోయినట్టు. ఇక లేచి లారీ ఎక్కడమే. ఇది ఎవరూ రాసిపెట్టిన రూలు కాదు గాని, గోదావరికి అటూ ఇటూ ఏ సంఘం ఆడదాన్ని అడిగినా ఇదే చెబుతుంది.

ఈసారి మేడం ఇంకో మాట కూడా చెప్పింది. సంఘాలకి గ్యాస్ పొయ్యిలు వస్తున్నాయి. తలలు లెక్కపెట్టుకుంటారు, ఏ సంఘంలో తలలు తక్కువైతే ఆ సంఘం పొయ్యిలు వెనక్కి పోతాయి. తడి కట్టెలు ఊదీ ఊదీ కళ్లు పోగొట్టుకుంటున్న వాళ్లకి ఆ మాట చాలు. రానన్నవాళ్లని మిగతావాళ్లే పట్టుకొచ్చేలా కట్టేసి వెళ్లింది ఆవిడ.

వెళ్లాల్సిన రోజు పొద్దున్నే మా తోటికోడలు నా వంటింట్లోకి వచ్చింది. మా ఆయన తమ్ముడి భార్య. నాకంటే పదేళ్లు చిన్నది. మరిది అప్పుడు ఊళ్లో లేడు. జంగారెడ్డిగూడెం పక్క పామాయిల్ తోటల్లో గెలలు కోసే పనికి వెళ్లాడు. వాళ్లింటిని నిలబెట్టేది ఒక గేదె. దాని పాలు కేంద్రానికి పోస్తేనే వాళ్ల పొయ్యి మీదకి ఎసరు ఎక్కేది. ఆ గేదె నిండుచూడితో ఉంది.

"అక్కా, దాని తోక మొదట్లో గుంటలు పడ్డాయే. పొదుగు బిర్రబిగిసింది. ఇయ్యాల ఈనేత్తాది."

"వచ్చి చూస్తానుండు."

వెళ్లి చూశాను. చూడక్కర్లేనంత స్పష్టంగా ఉంది. గేదె మేత మానేసి గోడవైపు తిరిగి నిలబడింది, ఒక కాలు మార్చి ఇంకో కాలు వేస్తోంది. కిందటి ఈతలో దూడ తల వెనక్కి వాలిపోతే మా తోటికోడలే మోచేయిదాకా లోపల పెట్టి సరిచేసి తీసింది. మళ్లీ అలాగే అవుతుందేమోనని దాని భయం. ఊళ్లో మగాళ్లు, మా ఆయనతో సహా, కోతలకి పొరుగూళ్లు వెళ్లి ఉన్నారు. పశువుల డాక్టరు వారానికి ఒకరోజు వస్తాడు, అది ఆ రోజు కాదు.

ఇద్దరం కలిసి మేడం దగ్గరికి వెళ్లాం. లారీ అప్పటికే రావిచెట్టు మలుపులో ఆగి ఉంది.

"మేడంగారూ, దీన్ని వదిలెయ్యండి. గేదె ఈనేలా ఉందండి. దీని బదులు నేను రెండు తలలుగా కూర్చుంటాను," అన్నాను.

మేడం నవ్వింది. "గేదెలు ఈనడం కొత్తా ఏంటమ్మా? వాటంతట అవి ఈనవా? ఆరింటికల్లా మిమ్మల్ని ఇంటి దగ్గర దింపే పూచీ నాది."

"కిందటిసారి అడ్డం తిరిగిందండి..."

ఈలోగా లారీ మీంచి అరుపులు మొదలయ్యాయి. "ఏమే, నీ ఒక్కదాని గేదె కోసం మా ఇరవైమంది పొయ్యిలూ పోవాలా?" "మీ అత్త లేదేంటే ఇంట్లో? ఆవిడ చూసుకోదా?" "దీనికెప్పుడూ ఏదో ఒక వంక!"

పక్కింట్లో చావొస్తే రాత్రంతా కూర్చునే ఆడవాళ్లే వాళ్లు. గ్యాస్ పొయ్యి పేరు చెప్పేసరికి అలా అయిపోయారు. మా తోటికోడలు వెనక్కి పరిగెత్తి మా అత్తగారికి చెప్పి వచ్చింది. మా అత్తగారికి డెబ్భై దాటాయి, చేతులు వణుకుతాయి, కాని నోరు వణకదు. ఆవిడ లారీకి వినపడేలా అరిచింది.

"వెళ్లవే చిన్నదానా, వెళ్లు! బొంబాయి వాళ్లు గెంతుతుంటే నువ్వు చూడకపోతే వాళ్లకి కాలు ఆడదంట! గేదెని నేను పట్టుకుంటాలే, అది నన్ను పట్టుకుంటాది!"

ఊరూరా ఆగి జనాన్ని ఎక్కించుకుంటూ రాజమండ్రి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మైదానం ముందుభాగంలో సోఫాలు, వాటి వెనక కుర్చీలు, వాటి వెనక కర్రలు కట్టి అడ్డం పెట్టి, ఆ అవతల మేము. పట్టాలు పరిచారు. మా నెత్తి మీదుగా ఒక పెద్ద ఇనప చెయ్యి తిరుగుతోంది, దాని చివర కెమెరా. అంటే టిక్కెట్టు కొన్నవాళ్లకి వేదిక కనపడుతుంది, కెమెరాకి మేము కనపడతాం.

దిగగానే మా చేతుల్లో పొట్లాలు పెట్టారు. పులిహోర, అరటిపండు, మంచినీళ్ల ప్యాకెట్. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. ఈ కచేరీ నడిపేవాళ్లు ఎక్కడినుంచో వచ్చినవాళ్లు. దూరంనుంచి వచ్చిన ఆడవాళ్లు ఆకలితో ఉంటారు, ముందు కడుపు నింపుదాం అనుకుని ఉంటారు. మంచి ఆలోచనే. కాని మా పద్ధతి వాళ్లకి తెలియదు, తెలిసిన మేడం వాళ్లకి చెప్పలేదు.

నాలుగైదు మండలాల ఆడవాళ్లు పొట్లాలు విప్పారు, తిన్నారు, నీళ్లప్యాకెట్ చివర కొరికి చెయ్యి కడుక్కున్నారు. కడుక్కుని లేచారు. కొంగులు దులుపుకుని లారీలవైపు నడవడం మొదలెట్టారు. వేదిక మీద ఇంకా దీపమైనా వెలగలేదు.

"ఎక్కడికమ్మా? ఎక్కడికి?" చెవిలో వైరు పెట్టుకున్న ఒకాయన అడ్డం పరిగెత్తుకొచ్చాడు.

"ఇంటికి బాబూ. పొట్లాలిచ్చేశారుగా."

"ప్రోగ్రాం మొదలవలేదమ్మా!"

"అవనీండి నాయనా, మాకేం తొందర లేదు. మీరు చేసుకోండి."

ఆయన మొహం చూసి నాకు నవ్వు ఆగలేదు. సగం పట్టాలు ఖాళీ అయిపోయాయి. లారీ డ్రైవర్లు కూడా అలవాటు ప్రకారం ఇంజన్లు వేశారు. మా తోటికోడలు మొహంలో పొద్దుటినుంచి లేని వెలుగు వచ్చింది. "పదవే అక్కా, పద పద," అని నా చెయ్యి పట్టుకు లాగింది. మేము గేటు దాకా వెళ్లాం కూడా.

అంతలో గేట్లు మూసేశారు. తాళాలు వేసి, ఒక్కో గేటు దగ్గర నల్లచొక్కాల వస్తాదుల్ని నిలబెట్టారు. మేడం చీర కుచ్చెళ్లు పట్టుకుని ఆ చివరినుంచి ఈ చివరికి పరిగెత్తుతూ, "కూర్చోండి, కూర్చోండి, పొయ్యిలు కావాలా వద్దా!" అని అరిచింది. సంతలో గేదెల్ని దొడ్డిలోకి మళ్లించినట్టు అందర్నీ మళ్లీ పట్టాల మీదకి మళ్లించారు. మా సంఘంవాళ్లు తిరిగొచ్చి కూర్చున్నారు. మా తోటికోడలు గేటు దగ్గరే నిలబడిపోతే నేను తీసుకొచ్చి కూర్చోబెట్టాను. వస్తాదుని అది ఏమడిగిందో, వాడు తెలుగువాడు కాడు, చెయ్యి ఊపి పొమ్మన్నాడు.

తర్వాత మాకు శిక్షణ ఇచ్చారు. వైరు పెట్టుకున్నాయన ఎదురుగా నిలబడి, "చేతులు పైకి! ఇటు! అటు! నవ్వుతూ!" అన్నాడు. మేము ఊపాం.

"అలా కాదమ్మా, నారు పీకుతున్నట్టు కాదు! గాల్లో తేలుతున్నట్టు!"

"ఏంటి బాబూ, చేలో పిట్టల్ని తోలమంటావా?" అంది ఒక ముసలమ్మ. "అదైతే ఇలాగ!" అని హుష్ హుష్ అంటూ చేతులు ఆడించింది. "సూపర్!" అన్నాడాయన. అందర్నీ అలాగే చెయ్యమన్నాడు. తర్వాత టీవీలో చూసినప్పుడు మేమంతా ఆనందంతో ఊగిపోతున్నట్టే ఉంది. నిజానికి పిట్టల్ని తోలుతున్నాం.

పొద్దు వాలింది. ఆరు దాటింది. దీపాలు వెలిగాయి, పొగ లేచింది, ఆ పొగలోంచి నలుగురూ వచ్చారు. కుర్రాళ్లు కుర్చీలెక్కి ఈలలు వేశారు. ఆ మోతకి కడుపులో పేగులు అదిరాయి. ఒక పాట అయ్యింది, రెండోది అయ్యింది. నాకు రెండిటికీ తేడా తెలియలేదు. మధ్యలో ఆగి ఊళ్లోని పెద్దమనుషులకి శాలువాలు కప్పారు, వాళ్లు ఒక్కొక్కరూ మైకు పట్టుకుని కళల గురించి మాట్లాడారు. ఎరువుల వ్యాపారి, రైసుమిల్లాయన, ఇంకెవరో. ఆ నలుగురూ పక్కన నిలబడి, అర్థం కాకపోయినా తలలూపుతున్నారు. వాళ్ల మొహాల మీద నవ్వు ఎవరో అంటించినట్టుంది. పాపం, వాళ్లూ ఎవరో తోలుకొస్తే వచ్చినవాళ్లే అని ఒక్క క్షణం అనిపించింది. ఆ మరుక్షణమే మా తోటికోడలివైపు చూశాను, ఆ జాలి పోయింది.

అది మోకాళ్లు దగ్గరికి లాక్కుని, కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. కళ్లనుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

"ఈపాటికి నీటితిత్తి పగిలి ఉంటాదే అక్కా. ముసల్ది ఏం చేత్తాదే?"

"ఏం కాదులే. కిందటిసారి అయ్యిందని ప్రతీసారీ అవుతాదా?"

నేను అన్న మాటకి నాకే నమ్మకం లేదు.

అప్పుడు జనం ఒక్కసారిగా హోరెత్తారు. తలెత్తి చూస్తే వేదిక పక్కన కట్టిన పెద్ద తెర మీద మా తోటికోడలి మొహం. మిద్దె అంత మొహం. దాని కన్నీళ్లు దీపాల వెలుగులో మెరుస్తున్నాయి. నెత్తి మీద తిరిగే ఆ ఇనప చెయ్యి కిందికి వంగి దాని మొహానికి జానెడు దూరంలో ఆగింది. అప్పుడు వస్తున్నది ఏదో మెల్లటి పాట. పాటకి కరిగిపోయిన పల్లెటూరి తల్లి దొరికింది వాళ్లకి. నలుగుర్లో ముందు నిలబడే అమ్మాయి గుండె మీద చెయ్యి వేసుకుని, ఇటువైపు చెయ్యి చాపి ఏదో అంది. వైరు పెట్టుకున్నాయన వచ్చి మా తోటికోడల్ని భుజం పట్టి లేపాడు.

"రండమ్మా, స్టేజీ మీదకి పిలుస్తున్నారు."

"నేను రాను బాబూ. నన్ను ఇంటికి పంపండి."

"ముందు స్టేజీ ఎక్కండమ్మా, తర్వాత ఎక్కడికంటే అక్కడికి."

ఆ మాటకి కదిలింది. నేనూ దాని వెంట వెళ్లాను, మెట్ల దగ్గర నన్ను ఆపేశారు. అక్కడినుంచి అంతా కనపడింది. ఆ అమ్మాయి మా తోటికోడల్ని కౌగిలించుకుంది, కళ్లు తుడిచింది. మెళ్లో షాంపూ పొట్లాలు గుచ్చిన దండ వేసింది. యాంకరు కుర్రాడు, హైదరాబాదునుంచి వచ్చినవాడు, మైకు దాని మూతి దగ్గర పెట్టి, "అమ్మా, మీ మనసులో మాట చెప్పండి!" అన్నాడు.

మా తోటికోడలు చేతులు జోడించి చెప్పింది. "మా గేదె ఈనుతోందండీ. నన్ను పంపెయ్యండి, మీకు దణ్ణం పెడతాను."

మైకు పనిచేస్తూనే ఉంది. మైదానమంతా వినపడింది.  కుర్రాళ్లు విరగబడి నవ్వారు. సోఫాల్లోవాళ్లు కూడా నవ్వారు. ఈవిడ ఏమంటోంది అన్నట్టు ఆ అమ్మాయి యాంకరు వైపు చూసింది. వాడు రవ్వంతైనా తడబడకుండా ఇంగ్లీషులో ఏదో చెప్పాడు, వెంటనే తెలుగులో మాకోసం కూడా చెప్పాడు. "మిమ్మల్ని చూస్తే సొంత కూతుళ్లని చూసినట్టుందట! దండం పెడుతున్నారు!"

కుర్రాళ్లకి అది ఇంకా నచ్చింది. "గేదె! గేదె! గేదె!" అని తాళం వేస్తూ అరవడం మొదలెట్టారు. ఆ నలుగురూ తమనే పిలుస్తున్నారనుకుని చేతులూపారు. ఒకమ్మాయి యాంకరు చెవిలో ఏదో అడిగింది, వాడేదో చెప్పాడు. ఆమె మైకు లాక్కుని గొంతు చించుకుని అరిచింది. "ఐ లవ్ గేదె! రాజమండ్రీ, ఐ లవ్ గేదె!"

అన్నివేల మందిలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, "పాపం, ఆవిణ్ణి పంపండ్రా" అని అనలేదు. ఇంట్లో పాడి ఉన్నవాళ్లే సగంమంది. పొద్దున్న లేస్తే గేదె పాలతో కాఫీ తాగేవాళ్లే అందరూ. నేను ఆ జనాన్ని ఎప్పటికీ క్షమించను. ఆ అమ్మాయిలకి తెలుగు రాదు, ఈ జనానికేం వచ్చింది?

మా తోటికోడలు ఇంక ఎవరినీ అడగలేదు. వాళ్లు మళ్లీ గెంతడం మొదలెట్టేసరికి వేదిక వెనకవైపు మెట్లు దిగిపోయింది. నేను చుట్టు తిరిగి అందుకున్నాను. వెనక గేటు దగ్గర వస్తాదు దాని మెళ్లో దండ చూసి, ఎవరో గొప్పావిడ అనుకున్నట్టున్నాడు, పక్కకి జరిగి సలాం కొట్టాడు. "నేను ఆవిడ అక్కనండీ," అంటూ నేనూ బయటపడ్డాను.

ఆటో పట్టుకుని లాకుల దాకా వచ్చాం. అక్కడినుంచి గట్టు మీద నడక కాదు, పరుగు. దండ దాని మెళ్లో గలగలలాడుతూనే ఉంది, తీసే ధ్యాస కూడా లేదు.

పాకలో బల్బు వెలుగుతోంది. మా అత్తగారు గేదె పక్కన గడ్డి మీద కూలబడి ఉంది. గేదె పడుకుని మూలుగుతోంది. దూడ ముందుకాళ్లు రెండూ బయటికి వచ్చి ఉన్నాయి. తల లేదు.

"వచ్చావటే? ఆ దండేంటే?" అంది మా అత్తగారు. ఆ తర్వాత గొంతు మారిపోయింది. "నాకు బలం చాల్లేదే చిన్నదానా. పిలిస్తే పలికే మనిషి లేడు. ఆడాళ్లందర్నీ తోలుకుపోయారు కదే."

మా తోటికోడలు దండ తెంపి అవతల పారేసింది. మోచేతుల దాకా ఆముదం రాసుకుంది. నేను తోక పట్టుకున్నాను. కాళ్లని లోపలికి తోసి, తల వెతికి, మూతి పట్టుకుని ముందుకి తిప్పింది. కిందటిసారి ఎలా చేసిందో అలాగే చేసింది. చెయ్యడంలో తేడా ఏం లేదు. ఇద్దరం కలిసి లాగాం, వచ్చింది. పెయ్యదూడ. నల్లగా, నున్నగా, నుదుటి మీద తెల్లచుక్కతో ఉంది. నాలుక బయటికి వచ్చి వాచి ఉంది. మా తోటికోడలు దాని ముక్కులో ఊదింది, గడ్డితో పక్కలు రుద్దింది, వెనక్కాళ్లు పట్టుకుని తలకిందులుగా ఎత్తింది. కదల్లేదు.

"ఇందాకటిదాకా కాలు ఆడించిందే," అంది మా అత్తగారు. "నేను చూశాను. చీకటి పడ్డాక కూడా ఆడించింది."

గేదె బతికింది. లేచి నిలబడి దూడని నాకింది, నాకుతూనే ఉంది. మాయ పడ్డాక తవుడు నీళ్లు పెడితే తాగింది. కాని పాలు చేపలేదు. దూడ పొదుగులో తల పొడిస్తేనే గేదెకి పాలు దిగుతాయి. దూడ లేదు. మర్నాడు ఇరుగూపొరుగూ వచ్చి సలహా ఇచ్చారు. ఊళ్లో తోలుపని తెలిసినాయన చచ్చిన దూడ తోలు వలిచి, లోపల గడ్డి కూరి, నాలుగు కర్రకాళ్లు పెట్టి తెచ్చాడు. మా వైపు అందరూ చేసేదే అది. చాలా గేదెలు ఆ బొమ్మని నాకి పాలిస్తాయి. ఈ గేదె ఒకసారి వాసన చూసింది, కొమ్ముతో పక్కకి తోసింది, మొహం తిప్పుకుంది.

"గేదెని నమ్మించడం అంత తేలిక కాదర్రా," అంది మా అత్తగారు. "జనమా ఏంటి?"

పది రోజులకి మా తోటికోడలు టీవీలో కనపడింది. పాటలో కాదు, షాంపూ ప్రకటనలో. మొదట దాని ఏడుపు మొహం, తర్వాత నలుగురమ్మాయిల జుట్టు, తర్వాత పొట్లం. అంతే. మా సంఘంవాళ్లు టీవీ ఉన్న ఇంటి ముందు గుమిగూడి, "అదిగో అదిగో, మన చిన్నదే!" అని చప్పట్లు కొట్టారు. లారీ మీంచి అరిచిన నోళ్లే అవి. పాపం వాళ్లు ఇప్పుడు మనసారానే కొట్టారు. ఒకావిడైతే వచ్చి, "ఎంత అదృష్టమే నీది, మేమూ ఏడిస్తే బాగుండేది!" అంది. మా తోటికోడలు ఆ ప్రకటనని చూడనేలేదు. టీవీ ఉన్న ఇంటివైపే వెళ్లలేదు.

దానికి వేరే పని ఉంది. రెండు పూటలా గేదె పక్కన కూర్చునేది. గోరువెచ్చటి నీళ్లతో పొదుగు కడిగి, వేళ్లతో నిమిరి, నుదురు దాని డొక్కకి ఆనించి కూర్చునేది. మొదట్లో గ్లాసుడు పాలు కూడా రాలేదు. ఇంక సంతకి తోలెయ్యమని మరిది కబురు పంపాడు. అది వినలేదు. నెమ్మదిగా తెలుసుకుంది, పాకలో తను తప్ప ఎవరూ లేకపోతే, ఏ చప్పుడూ లేకపోతే, గేదె కాస్త చేపుతోంది. ఎవరైనా దగ్గినా, తలుపు చప్పుడైనా పాలు వెనక్కి లాగేసుకుంటోంది. అందుకని ఆ వేళకి మా అత్తగారు కూడా నోరు కట్టుకునేది. ఆవిడకి అదెంత కష్టమో ఊరందరికీ తెలుసు.

ఒకరోజు సాయంత్రం మేడం వచ్చింది. నేను పాక వాకిట్లో గడ్డి కోస్తున్నాను. ఆవిడ మొహమంతా నవ్వు.

"పాలకొల్లులో ఇంకో ప్రోగ్రాం పెట్టారమ్మా. వాళ్లు మీ ఊరి సంఘాన్నే కావాలంటున్నారు. ముఖ్యంగా ఆ ఏడ్చినావిడ తప్పకుండా ఉండాలట. ముందు వరసలో కుర్చీ వేస్తారట. ఏదీ ఆవిడ?"

నేను వేలు నోటి మీద పెట్టుకుని పాకలోకి చూపించాను. మేడం నన్ను దాటుకుని లోపలికి వెళ్లింది. "ఏమ్మా, విన్నావా..." అని మొదలెట్టింది.

మా తోటికోడలు నుదురు గేదె డొక్కకి ఆనించే ఉంది. తల తిప్పలేదు. గొంతు పెంచలేదు. "గేదె చేపుతోందండి. మాట్లాడకండి," అంది.

మేడం నోరు మూసుకుంది. అడుగు ముందుకి వేసే ధైర్యం చెయ్యలేదు, వెనక్కి వేస్తే చెప్పు చప్పుడవుతుందేమోనని వెనక్కీ వెయ్యలేదు. పేడ పక్కన, ఒక చేత్తో కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని అలాగే నిలబడింది. దోమలు కుడుతుంటే తోలుకోలేదు. తపేలాలో పాలధార పడుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. మొదట సన్నగా, తర్వాత చిక్కగా. ఎంతసేపో నాకు తెలియదు. నేనూ కొడవలి కింద పెట్టి వింటూ కూర్చున్నాను.

ధార ఆగాక మా తోటికోడలు లేచి, తపేలా మీద గుడ్డ కప్పి, మేడం పక్కనుంచే నడిచి ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది.